సముద్రాలని పేరుపడ్డ సరస్సులు, చెరువులు

మహాసముద్రంతో నీటి సంబంధం లేకుండా, నాలుగు వైపులా నేలే ఉండి, అయినా సముద్రమనో సాగరమనో పిలిపించుకునే జలాశయాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. భూగోళశాస్త్రం లెక్కలో ఇవన్నీ సరస్సులే. వీటిలో కొన్ని ప్రకృతి ఏర్పరచినవి. వాటి విస్తీర్ణమో ఉప్పదనమో చూసి ఒడ్డున బతికినవాళ్ళు సముద్రమన్నారు. మరికొన్ని మనుషులు కట్టినవి. వీటికి ఆ పేరు కావాలని, కీర్తి కోసం, కట్టించినవాళ్ళే పెట్టారు. తెలుగు నేల మీద ఉన్నవన్నీ రెండో తరగతివే. అందులోనూ ఓరుగల్లు రాజధానిగా ఏలిన కాకతీయుల కాలంలో ఈ పేరు పెట్టే వాడుక బాగా సాగింది. సముద్రానికి దూరంగా, ఎత్తైన పీఠభూమి మీద ఉన్న వరంగల్ ప్రాంతంలో కేసముద్రం, గణపసముద్రం, ధర్మసాగర్ వంటి పేర్లు వినిపించడానికి కారణం అదే.

ప్రకృతి సిద్ధమైనవి

పేరుకు సముద్రమైన సరస్సుల్లో అన్నిటికంటే పెద్దది కాస్పియన్. దాని విస్తీర్ణం సుమారు 3.7 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా 2.75 లక్షలే. లోతు కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు దాటుతుంది. నీరు ఉప్పగానే ఉంటుంది కానీ ఆ ఉప్పు మహాసముద్రంలోని ఉప్పులో మూడో వంతు మాత్రమే. వచ్చే నీటిలో ఎక్కువ భాగం వోల్గా నదిది. బయటికి పోయే దారి లేదు, ఆవిరి కావలసిందే. కాస్పియన్ సముద్రమా, సరస్సా అన్నది చాలాకాలం పండితుల చర్చగా మిగల్లేదు. సముద్రమైతే అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం తీరదేశాలు ఒక రకంగా పంచుకోవాలి, సరస్సైతే మరో రకంగా. అడుగున చమురు, సహజవాయువు ఉన్నాయి కనుక ఒడ్డున ఉన్న రష్యా, కజకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, అజర్‌బైజాన్ ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. 2018లో అక్తావు నగరంలో కుదిరిన ఒప్పందం దీన్ని పూర్తిగా సముద్రమనీ అనలేదు, సరస్సనీ అనలేదు. దీనికంటూ ప్రత్యేకమైన నియమాలు రాసుకున్నారు.

కాస్పియన్‌కు తూర్పున ఉన్న ఆరల్ కథ వేరు. 1960 నాటికి అది 68 వేల చదరపు కిలోమీటర్లతో ప్రపంచంలోని అతిపెద్ద సరస్సుల్లో నాలుగోది. దాన్ని నింపే అమూ దర్యా, సిర్ దర్యా నదుల నీటిని సోవియట్ ప్రభుత్వం పత్తి పొలాలకు మళ్ళించింది. సరస్సు ఎండుతూ వచ్చి, 1980ల చివరికి రెండు ముక్కలైంది. రేవుగా బతికిన మొయ్నాక్ పట్టణానికి ఇప్పుడు కనుచూపు మేరలో నీరు లేదు. తుప్పు పట్టిన పడవలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. 2005లో కజకిస్తాన్ కొక్-ఆరల్ వద్ద కట్ట వేశాక ఉత్తర భాగం కొంత కోలుకుంది, చేపల వేట తిరిగి మొదలైంది. దక్షిణ భాగంలో చాలామటుకు ఉప్పు ఎడారే మిగిలింది.

జోర్డాన్ నది మీద ఇలాంటివి రెండున్నాయి. మృత సముద్రం నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 430 మీటర్ల దిగువన ఉంటుంది. నీరు మహాసముద్రం కంటే దాదాపు పది రెట్లు ఉప్పన. మట్టం ఏటా ఒక మీటరు చొప్పున పడిపోతోంది. దానికి ఎగువన ఉన్న గలిలయ సముద్రం పూర్తిగా మంచినీటి సరస్సు, విస్తీర్ణం సుమారు 166 చదరపు కిలోమీటర్లు. తెలుగు బైబిలు చదివినవారికి ఒక తేడా తెలిసే ఉంటుంది. మత్తయి సువార్తలో సముద్రమైన ఈ నీరే లూకా సువార్తలో గెన్నేసరెతు సరస్సు. అంటే ఇది సముద్రం కాదన్న ఎరుక రెండు వేల ఏళ్ళ కిందటే ఉంది. అయినా పేరు నిలిచిపోయింది.

ఇక మిగిలినవి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. కాలిఫోర్నియాలోని సాల్టన్ సముద్రం 1905లో కొలరాడో నది కాలువకు గండి పడి పల్లపు నేలను ముంచెత్తగా ఏర్పడింది. అది ప్రమాదవశాత్తు పుట్టిన సముద్రం. చైనాలో చింగ్‌హై, యున్నాన్ రాష్ట్రంలోని అర్‌హై సరస్సుల పేర్లలో సముద్రమన్న మాటే ఉంది. బీజింగ్ రాజప్రాసాదం పక్కన తవ్వించిన కొలనులకూ అదే మాట చేరింది. నెదర్లాండ్స్‌లో ఇందుకు తలకిందులుగా జరిగింది. నిజమైన సముద్రపు పాయ అయిన జైడర్‌జీకి 1932లో 32 కిలోమీటర్ల అడ్డుకట్ట వేశారు. నదుల నీరు చేరి అది మంచినీటి సరస్సైంది, పేరు కూడా మార్చారు.

కాకతీయుల సముద్రాలు

వరంగల్ ప్రాంతం గోదావరికీ కృష్ణకూ మధ్యనున్న మిట్ట. ఉత్తరాన, తూర్పున పడ్డ వాన వాగులు పట్టి గోదావరికి పోతుంది. దక్షిణాన పడ్డది ఆకేరు, మున్నేరుల మీదుగా కృష్ణకు చేరుతుంది. రెండు పెద్ద నదులూ పల్లాన పారతాయి కనుక వాటి నీరు మిట్టకు ఎక్కదు. వాన నాలుగు నెలల్లో పడిపోతుంది. కింద గట్టి రాయి, నడుమ నడుమ గుట్టలు. ఇలాంటి చోట వరి పండాలంటే వాననీటిని ఎక్కడికక్కడ ఆపడం తప్ప దారి లేదు. గుట్టలున్న చోట ఆపడం తేలిక. రెండు గుట్టల నడుమ వాగు దూరివచ్చే ఇరుకు చూసి కట్ట పోస్తే మూడు వైపులా గుట్టలే ఒడ్డవుతాయి.

కాకతీయ పాలకులు, వారి సామంతులు, సేనానులు, రాణివాసపు స్త్రీలు పోటీపడి చెరువులు కట్టించారు. పుణ్యమన్న నమ్మకం ఇందుకు బలమైన కారణం. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం అనే ఏడింటినీ సప్తసంతానాలన్నారు. మనిషి పోయాక పేరు నిలిపేవి ఇవి. చెరువు సంతానమైతే దానికి నామకరణం కూడా ఉండాలి కదా. కట్టించినవారి పేరో, బిరుదో, వారు గౌరవించదలచినవారి పేరో తీసుకుని చివర సముద్రమని చేర్చేవారు. మొదటి ప్రోలరాజు బిరుదు అరిగజకేసరి. ఆయన తవ్వించిన చెరువు కేసరి తటాకంగా ప్రసిద్ధి. కేసరి సముద్రమన్న పేరే వాడుకలో అరిగి, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రమైందని చెబుతారు. ములుగు ఘనపురంలోని గణపసముద్రం గణపతిదేవుని పేరు మోస్తోంది. కోటగుళ్ళుగా పిలిచే శిథిల ఆలయ సముదాయం ఆ ఊళ్ళోనే ఉంది.

బయ్యారం చెరువును ప్రత్యేకించి చెప్పుకోవాలి. గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన ఈ చెరువుకు శాసనంలో ఉన్న పేరు ధర్మకీర్తి సముద్రం. ఆ శాసనం చెరువు సంగతితో ఆగకుండా, కాకతిలో ఉన్న వెన్నభూపతి మొదలుకుని గణపతిదేవుని దాకా వంశక్రమాన్ని వరుసగా చెబుతుంది. కాకతీయ వంశపు తొలితరాల గురించి చరిత్రకారులకు దొరికిన ప్రధాన ఆధారాల్లో ఇదొకటి. ఒక మహారాజవంశం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి చెరువు దగ్గరి రాయే దిక్కైందంటే, ఆ రోజుల్లో చెరువు ప్రతిష్ఠ ఎంత పెద్ద సందర్భమో ఊహించవచ్చు. ధర్మకీర్తి సముద్రమన్న పేరు మాత్రం జనం నోట నిలవలేదు. ఇప్పుడది బయ్యారం పెద్ద చెరువు.

పేరుకూ పరిమాణానికీ పొంతన లేదనడానికి పాకాలే సాక్ష్యం. నర్సంపేటకు దగ్గర్లో, అడవి నడుమ ఉన్న పాకాల హైదరాబాద్ సంస్థానంలోని పాత చెరువులన్నిటికంటే పెద్దదిగా పేరు పొందింది. నిండితే నీరు సుమారు 30 చదరపు కిలోమీటర్లు పరచుకుంటుంది, గలిలయలో అయిదో వంతు. పడమటి వైపు కట్ట రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. తక్కిన మూడు వైపులా గుట్టలు. దీన్ని గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దిలో, ఆయన మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి కట్టించినట్లు అక్కడి శాసనం వల్ల తెలుస్తోంది. ఇంత పెద్దదైనా జనం దీన్ని చెరువనే అన్నారు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన గుడి దగ్గరున్న రామప్ప, గోవిందరావుపేట దగ్గరి లక్నవరం కూడా చెరువులుగానే నిలిచాయి. ఆ చుట్టుపట్ల సముద్రమన్న పేరున్న చెరువులు చాలావరకు వీటి కంటే చిన్నవే.

కాకతీయులకు అసలు సముద్రం తెలియక చెరువులను సముద్రాలన్నారని అనుకోవడానికి వీల్లేదు. గణపతిదేవుడు తీరాంధ్రను గెలిచి, మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు స్వాధీనం చేసుకోడని, ఇంత సుంకం కడితే చాలని అందులో హామీ ఉంది. తుపానుల సముద్రాన్ని చూసిన ప్రభువే మిట్ట మీద వాననీటికీ ఆ పేరును అంగీకరించాడు.

కట్ట, తూము, మత్తడి

చెరువుకు ప్రాణం మూడు చోట్ల ఉంటుంది. మొదటిది కట్ట. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, పశువులతో తొక్కించి గట్టిపరిచేవారు. నీటివైపు ముఖానికి అలల కోతకు తట్టుకునేలా బండరాళ్ళు పేర్చేవారు. రెండోది తూము. కట్ట అడుగున రాతి పలకలతో కట్టిన సొరంగం లాంటి కాలువ ఇది. దాని నోటి దగ్గర, నీళ్ళలో, నిలువు రాతి స్తంభాలు, వాటి నడుమ అడ్డుపలకలు ఉంటాయి. పలకలోని రంధ్రంలో మూత బిగించి ఉంటుంది. దాన్ని పైకి లేపితే నీరు పొలాలకు పోతుంది, దించితే ఆగుతుంది. ఎవరి మడికి ఎన్ని జాముల నీరు, ఏ కాలువ ఎప్పుడు తెరవాలి అన్నవి నీరటికాని చేతిలో ఉండేవి. చెరువు తగ్గినప్పుడు ఆయకట్టు చివరి రైతుకూ మొదటి రైతుకూ మధ్య తగవు రాకుండా చూడటమే అతని పనిలో కష్టమైన భాగం.

మూడోది మత్తడి, కోస్తా, సీమల్లో అలుగు. చెరువు నిండాక మిగులు నీరు కట్టను కోయకుండా బయటపడే దారి ఇది. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు, అక్కడి నుంచి మరోదానికి పోతుంది. ఇవే గొలుసుకట్టు చెరువులు. ఈ గొలుసులో ఎగువన ఒక్క కట్ట తెగినా దిగువవన్నీ ప్రమాదంలో పడతాయి. 2024 సెప్టెంబర్ 1న కురిసిన అతి భారీ వర్షానికి కాజీపేట-విజయవాడ మార్గంలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరద పట్టాల కిందున్న మట్టినీ కంకరనూ ఊడ్చుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి, రైళ్ళు ఆగిపోయాయి. సముద్రమని పేరున్న ఊరికి మిట్ట మీదనే ఆ పేరుకు తగ్గ వరద వచ్చింది.

కట్టను కాపాడే దేవత కట్ట మైసమ్మ. తెలంగాణలో పెద్ద చెరువు కట్ట మీద ఆమె గుడి లేకపోవడం అరుదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ కింద కూడా ఉంది. చెరువు నిండిన ఏడు బతుకమ్మలను సాగనంపడానికి ఊరంతా కట్ట మీదికే చేరుతుంది.

రాయలసీమలో

కాకతీయ రాజ్యం 1323లో పడిపోయాక చెరువు కట్టే విద్య ఆగలేదు. విజయనగర పాలకులు దాన్ని వాన మరీ తక్కువగా పడే రాయలసీమకు విస్తరించారు. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 1364 ప్రాంతంలో పండమేరు వాగుకు అడ్డంగా పెద్ద కట్ట పోయించాడు. చెరువుకు ఒక కొసన ఉన్న ఊరు బుక్కరాయసముద్రం, రెండో కొసన ఉన్నది అనంతసాగరం. ఆ రెండోదే పెరిగి అనంతపురమైంది. అంటే జిల్లా కేంద్రానికి పేరు చెరువు నుంచే వచ్చింది. ఈ కట్ట తెగబోతుంటే ఊరి మేలు కోసం గండిలో నిలబడి ప్రాణమిచ్చిన రైతు కోడలు ముసలమ్మ కథ ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన ముసలమ్మ మరణము కావ్యానికి వస్తువు ఇదే.

చెరువు శాస్త్రాన్ని గురించి మరింత తెలిపేది కడప జిల్లాలోని పోరుమామిళ్ళ. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ అనంతరాజ సాగరం కట్టించాడు. భైరవాలయంలోని రెండు పలకల మీద చెక్కిన శాసనం దాన పత్రంగా మొదలై, నీటిపారుదల పాఠంగా మారుతుంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది. వాటిలో ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, ఆ ఏటికి ఆనుకున్న గుట్టలు, మరీ పొడుగు కాని రాతి కట్ట, లోతైన గర్భం, దగ్గర్లోనే రాతి గని, పనివాళ్ళు ఉన్నాయి. ఆరు దోషాలూ చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై చోటు చాలకపోవడం. సరిహద్దున చెరువు కట్టవద్దన్న మాట ఇంజనీరు రాసిందిలా లేదు, నీటి తగవులు చూసి విసిగినవాడు రాసిందిలా ఉంది. అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల మధ్య బతుకుతున్న ఇప్పటి పాఠకుడికి దాన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

ఉత్తర భారతంలోనూ ఇదే సంప్రదాయం ఉంది. మేవాడ్ రాణా రాజసింహుడు 17వ శతాబ్దిలో కట్టించిన రాజసమంద్, ఆయన కొడుకు జయసింహుడు కట్టించిన జైసమంద్ పేర్లలోని సమంద్ సముద్రమే.

సాగర్లు

గోల్కొండ కాలం నుంచి సముద్రం కంటే సాగర్ అన్న మాటే ఎక్కువైంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా హయాంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టిన చెరువు హుస్సేన్ సాగర్. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మంజీర మీద నిజాం సాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. వాటి పేర్లలో పాత పద్ధతే కనిపిస్తుంది, పాలకుడిదో, ఆయన కుటుంబంలోనివారిదో పేరు ముందు, సాగరం వెనక. స్వాతంత్ర్యం వచ్చాక పాలకుడి పేరు పోయి, కృష్ణానది మీది ఆనకట్టకు బౌద్ధాచార్యుడి పేరు వచ్చింది. నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాది వేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. నిండినప్పుడు దాని విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు. పరిమాణం కొలబద్ద అయితే, గలిలయ కంటే ఈ సాగరానికే ఆ పేరు ఎక్కువ తగుతుంది.

ఇప్పటి స్థితి

చెరువు ఒకసారి కట్టి వదిలేసేది కాదు. పాతరోజుల్లో చెరువు తవ్వించినవారికీ బాగుచేసినవారికీ దాని కింది పొలంలో కొంత మాన్యంగా ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. ఏటా పూడిక తీసి ఆ ఒండ్రుమట్టిని రైతులు పొలాలకు తోలుకునేవారు. ఆ ఏర్పాట్లు సడలాక చెరువులు పూడుకుపోయాయి. బోరుబావి వచ్చాక రైతుకు చెరువు మీద ఆధారపడే అవసరం తగ్గింది. పట్టణాల్లో శిఖం భూములు ప్లాట్లయ్యాయి. ఆరల్‌కు చేరే నీటిని మళ్ళించి దాన్ని ఎండబెట్టారు. ఇక్కడ నీరు వచ్చే దారిని మూసి, గర్భంలో ఇళ్ళు కట్టి ఆ పనే చిన్న కొలతలో చేశారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించే పని చేపట్టింది. పూడిక తీసిన చోట ఫలితం కనిపించింది, ఆక్రమణలు తీయలేని చోట కనిపించలేదు.

పెద్ద చెరువుల్లో చాలావాటికి ఇంకా పని ఉంది. పాకాల కింద వరి సాగవుతోంది. ధర్మసాగర్ వరంగల్ నగరానికి తాగునీటి ఆధారం, దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీరు వచ్చి చేరే జలాశయం కూడా. మిట్టకు ఎక్కదనుకున్న నీటిని పంపులతో ఎక్కించి పాత చెరువుల గొలుసులోకే వదులుతున్నారు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో కంభం చెరువు, కర్నూలు-కడప కాలువతో పాటు పోరుమామిళ్ళ అనంతరాజ సాగరాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది.